ఇంజను మూలలందలి నట్లను లెక్కప్రకారము బిగించుట

నూతిమీది ఆయిలు ఇంజను పంట నడుమ నిలిచిపోయినచో రైతునకు కలుగు కష్టము వేఱుగ వర్ణింప నక్కఱలేదు. అట్లు నిలిచిన యింజనులను గ్రామములలో పెక్కుసారులు విప్పించి చూచితిని. చాలవానిలో పెద్ద భాగమేదియు విఱిగియుండలేదు. సిలిండరునకును దానిపై మూతయగు హెడ్డునకును నడుమనుండు గాస్కెట్టు ఒక ప్రక్క మాత్రము కాలి, ఆ దారిని వేడిగాలి వెలికి చిమ్ముటయో, చల్లార్చు నీరు లోపలి నూనెలో గలిసి అది మజ్జిగవలె తెల్లబాఱుటయో జరిగియుండెను. ఆ ప్రక్కనున్న నట్టు వదులుగ నుండెను. ఏలయన, అది పొగగొట్టము క్రిందనో, నీటిగొట్టము వెనుకనో యుండుటచే మామూలు పానా దానికందలేదు. అందిన నట్లను బలముకొలది బిగించి, అందనిదానిని ఉలితో కొట్టి సరిపుచ్చుట మన పల్లెలలో వాడుకయైనది. ఈ వాడుక మానవలయునని నా మనవి.

నట్టు బిగించినపుడు స్టడ్డు కొంచెము సాగును. సాగిన స్టడ్డు మరల ముడుచుకొనజూచు బలమే హెడ్డును అదిమిపట్టును. చాలని బిగింపుచే గాస్కెట్టు చెడును. మితిమీఱిన బిగింపుచే స్టడ్డు శాశ్వతముగ సాగి తెగును, లేదా పోతయినుప హెడ్డు వంకరపోవును. కావున ప్రతి యింజను పుస్తకమునందును మెలిత్రిప్పు బలము, అనగా టార్కు, ఇంతయని యిచ్చియుందురు. లాగు బలమును నట్టునడుమనుండి చేతివఱకుగల దూరముచే గుణించిన అది వచ్చును. 45 సెంటీమీటర్ల దూరమున 20 కిలోల బలముతో లాగినయెడల 9 కిలోగ్రాము-మీటర్లగును. దీనినే న్యూటను-మీటర్లలో 88 అనియు, పౌను-అడుగులలో 65 అనియు చెప్పవచ్చును. ఈ యంకెలు ఉదాహరణమునకే. మీ యింజను అంకెను దాని పుస్తకమునుండియే గ్రహింపుడు.

ఈ బలమును చూపు పానాకు టార్కు రెంచియని పేరు. 1918లో న్యూయార్కు నగర నీటిశాఖలోని కాన్రాడ్ బార్ అనునతడు, నేలలోని గొట్టపు బోల్టులు మితిమీఱి బిగింపబడకుండుటకై దీనిని కల్పించెనని చెప్పుదురు. నీటి పనికొఱకు పుట్టిన పనిముట్టు మన నూతులకును పనికివచ్చుట ముచ్చటగనే యున్నది.

అయితే టార్కు రెంచికి తగిలించు సాకెట్టు నట్టుపై నిలువుగ దిగవలెను. పైన గొట్టమడ్డమున్నచోట అది దిగదు. అట్టిచోట కాకికాలు పానా వాడవలెను. ఇది పిడిలేని పొట్టి పానా. ఒక కొనయందు నట్టును పట్టు నోరును, రెండవ కొనయందు రెంచి దిగు చదరపు రంధ్రమును ఉండును. దీనిని ప్రక్కనుండి దూర్చవచ్చును. కాని దీనిని తగిలించినంతనే పానా పొడవు పెరుగును గనుక రెంచి చూపు అంకె నిజముకాదు. ఇక్కడనే మేస్త్రీలు సైతము పొరబడుదురు.

లెక్క యిది. రెంచి తలనడుమనుండి పిడియందు చేయిపట్టుచోటివఱకు 40 సెంటీమీటర్లును, చదరపు రంధ్రమునుండి నట్టునడుమకు 5 సెంటీమీటర్లును ఉన్నవనుకొనుడు. నట్టునకు 9 కావలెను. 9ని 40చే గుణించి 45చే భాగింపగా 8 వచ్చును. రెంచిని 8కే అమర్పవలెను. తెలియక 9కి అమర్చినచో నట్టునకు 10కి పైగా పోవును. ఈ లెక్క కాకికాలు రెంచికి తిన్నగ ముందునకు సాగియున్నపుడే. దానిని రెంచికి అడ్డముగ, మూలమట్టమున అమర్చినయెడల లెక్క అక్కఱలేదు, 9కి 9యే. చోటు చాలినయెడల ఇట్లమర్చుటయే మేలని నా అభిప్రాయము. సాకెట్టునకు నిలువుగ తగిలించు పొడుగు కడ్డీకిని ఈ లెక్క వర్తింపదు; ఆ కడ్డీ ఎత్తునే పెంచును గాని చేతిదూరమును పెంచదు. వంగు కీలు మాత్రము హెడ్డు నట్లకు వాడకుడు. వంపు హెచ్చినకొలది బిగింపు నిజము తప్పును.

టార్కు రెంచి లేనివారు నిరాశ చెందనక్కఱలేదు. అర్ధచంద్రాకారపు రింగు పానా గొట్టములను చుట్టివచ్చి నట్టును పట్టును. దాని కొనకు స్ప్రింగు కాటా కొక్కెము తగిలించి, నట్టునడుమనుండి కొక్కెమువఱకు తిన్నగ దూరము కొలిచి, ఆ గీతకు మూలమట్టముగ లాగుడు. దూరము 30 సెంటీమీటర్లైన 30 కిలోలు లాగిన 9 అగును. పానా వంకరగ నున్నను తిన్నని దూరమే లెక్క.

మఱలు శుభ్రముగ నుండవలెను. బిగించు బలములో రమారమి పదింట తొమ్మిదిపాళ్లు రాపిడికే పోవును. స్టడ్డును సాగదీయునది ఒకపాలే. కావున తుప్పుపట్టిన మఱపై 9 చూపినను బిగింపు చాలదు. పొడి మఱకిచ్చిన అంకెను నూనె పూసిన మఱకు వాడిన బిగింపు మితిమీఱును. పుస్తకమేది చెప్పునో అదియే చేయవలెను. ఇంజను చల్లారిన పిదప, నట్లను ఎదురెదురుగ, మూడు విడతలుగ బిగింపవలెను.

ఇంజెక్టరు గొట్టపు నట్లకు, గొట్టముదూరు సందుగల రింగు పానా వాడుడు. తెఱపి పానా వాని మూలలను అరగదీయును. అచ్చట కాఱుచున్నదేమో అని చేతితో తడిమి చూడరాదు. ఆ సన్నని డీజిలు ధార చర్మమును చీల్చి లోనికి పోవును. అట్టి గాయము పైకి చిన్నదిగ గన్పట్టినను తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను. అట్టముక్కను అడ్డముగ పట్టి చూచిన చాలును.

టార్కు రెంచితో నట్లను విప్పరాదు, పిడికి గొట్టము తొడుగరాదు. టిక్కుమను శబ్దము వినబడగనే ఆపవలెను. పని ముగిసిన పిదప దానిని అతి తక్కువ అంకెకు త్రిప్పి పెట్టెలో నుంచవలెను. ఏటేట దాని కొలతను సరిచూపించవలెను. ఒక్కొక్క రైతు దీనిని కొనుట దండుగ. రెంచిని, నాలుగైదు కొలతల కాకికాలు పానాలను సంఘమే కొని, ఎవరు తీసికొనిరో, ఏ దినమున తిరిగి యిచ్చిరో చిట్టాలో వ్రాయించినయెడల సభ్యులందఱకును చాలును. కొనుటకు ముందు గ్రామమందలి యింజనుల నట్ల కొలతలు వ్రాసికొని పోవలెను. పాత యింగ్లీషు యింజనులకు విట్‌వర్తు అంగుళపు కొలతలును, క్రొత్తవానికి మిల్లీమీటర్లును ఉండును. ఒకదాని పానా మఱొకదానికి సరిపోదు.