కుంగుబాటులో ఆలోచన మందగించుట ఎందువలన?

ఒక గుమాస్తా ఇరువది సంవత్సరములుగా లెక్కలు వ్రాయుచున్నాడు. తప్పు చేసినవాడని ఏనాడును పేరు లేదు. ఇప్పుడు ఒకే కూడికను మూడు పర్యాయములు చేసినను మొత్తము కుదురుట లేదు. ఒక ఇల్లాలు పొయ్యిమీద పాలు పెట్టి, ఆ సంగతి మరచి, గోడవంక చూచుచు కూర్చుండును. ఒక విద్యార్థి ఒకే పుటను గంటసేపు చదివియు అందేమున్నదో చెప్పజాలడు. చుట్టునున్నవారు వీరిని సోమరులనియు, శ్రద్ధ లేనివారనియు నిందింతురు. కొంతకాలమునకు వీరును ఆ మాటనే నమ్మి, తాము దేనికిని పనికిరామని తలపోయుదురు. ఇట్టి తలంపు ప్రాణాపాయమునకు సైతము దారి తీయగలదు. కావున దీని కారణమును అందరును తెలిసికొనుట అవసరము.

ఇది వ్యాధి

విచారము అందరికిని కలుగును, కొన్నాళ్లకు తగ్గును. రెండు వారములకు మించి, దినములో చాల భాగము మనస్సు క్రుంగియుండి, దేనియందును ఆసక్తి లేక, నిద్రయు ఆకలియు చెడి, పనులు సాగకున్నచో అది కుంగుబాటు కావచ్చును. వైద్యులు దీనిని డిప్రెషన్ అందురు. ఏకాగ్రత లోపించుట, మరపు, చిన్న విషయములలో సైతము నిర్ణయము చేయలేకపోవుట దీని లక్షణములే కాని స్వభావ దోషములు కావు. 2015–16లో మన దేశమున జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ననుసరించి, వయోజనులలో సుమారు 20 మందికి ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనగుచున్నారు.

శరీరములోని తూము

ఆపద కలిగినపుడు మెదడులోని హైపోథాలమస్ అను భాగము పీయూష గ్రంథికి వర్తమానము పంపును. ఆ గ్రంథి మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులను ప్రేరేపించును. అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. దానివలన శరీరమునకు తక్షణ శక్తి లభించును. ఇంతవరకు మేలే.

అయితే చెరువు తూము తెరచినవాడు, మడి నిండగనే దానిని మూయవలెను గదా! శరీరమునందును అట్టి ఏర్పాటు కలదు. కార్టిసాల్ మెదడునకు చేరి, అచ్చటి కణములలోని గ్రాహకములను తాకి, ఇక చాలునని తెలుపును. అంతట దాని ఉత్పత్తి తగ్గును.

ఈ కబురు సరిగా అందుటకు కొన్ని జన్యువులు తోడ్పడును. వానిలో ఎఫ్.కె.బి.పి.5 అనునది ముఖ్యమైనది. కార్టిసాల్ హెచ్చినపుడు ఈ జన్యువు మేల్కొనును. దీనివలన తయారగు మాంసకృత్తు గ్రాహకమునకు అంటుకొని, కార్టిసాల్‌ను పట్టుకొను శక్తిని తగ్గించును. మితిమీరి పనిచేసినచో గ్రాహకమునకు చెముడు వచ్చినట్లగును. మడి నిండినను తూము మూతపడదు. కుంగుబాటు గలవారిలో అందరియందు కాకున్నను, అనేకులయందు కార్టిసాల్ అధికముగా నుండుటకు ఇట్టి లోపమే ఒక కారణము.

కార్టిసాల్ చిరకాలము హెచ్చుగా నున్నచో, జ్ఞాపకములను కూర్చు హిప్పోకాంపస్‌కును, యోచనకును నిర్ణయమునకును ఆధారమైన మెదడు ముందరి భాగమునకును హాని కలుగును. పలుమారులు కుంగుబాటునకు లోనైనవారిలో హిప్పోకాంపస్ సగటున కొంచెము చిన్నదిగా కనబడినది. గుమాస్తా లెక్క తప్పుటకు వెనుక ఇంత కథ యుండవచ్చును.

అనుభవము జన్యువును తాకును

జన్యువులను తాళపత్ర గ్రంథముతో పోల్చవచ్చును. అక్షరములు మారవు, కాని కొన్ని పత్రములు విప్పియుండును, కొన్ని ముడివేసి యుండును. మిథైల్ అను రసాయనిక చిహ్నములు ఇట్టి ముడులు. 2004లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలను పరిశీలించిరి. తల్లి చక్కగా నాకి సాకిన పిల్లలలో కార్టిసాల్ జాతి హార్మోనుల గ్రాహక జన్యువుపై ఈ ముడులు తక్కువ. నిర్లక్ష్యము చేయు తల్లి పిల్లలను సాకెడు తల్లి వద్దకు మార్చినచో ముడులును మారినవి. 2013లో జర్మనీలోని మ్యూనిక్ నగర శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ బిండర్ బృందము, బాల్యమున హింసకు గురియై, ఎఫ్.కె.బి.పి.5 యందు ఒక ప్రత్యేక భేదము గలవారిలో ఆ జన్యువుపై ముడులు సడలియుండుట కనుగొనెను. ఆ సడలింపువలన జన్యువు అధికముగా పనిచేయును.

ఇది తలవ్రాత కాదు

కుంగుబాటును కలిగించు ఒకే జన్యువు లేదు. స్వల్ప ప్రభావము గల అనేక జన్యువులు, జీవితానుభవములు కలిసి దానికి కారణమగును. తల్లికో అన్నకో ఈ వ్యాధి వచ్చినదని బిడ్డకు తప్పక రాదు. వంశదోషమని చెప్పి వివాహ సంబంధములను త్రోసిపుచ్చుటకు శాస్త్రాధారము లేదు. ఈ వ్యాధిని నిర్ధారించు జన్యు పరీక్షయు లేదు. వైద్యుడు ప్రశ్నించి, పరీక్షించి తెలిసికొనవలెను. థైరాయిడ్ లోపము, రక్తహీనత మొదలగునవియు మందకొడితనము కలిగించును గనుక వానినికూడ చూపించుకొనవలెను.

చేయవలసిన పనులు

చికిత్స కలదు. సంభాషణ చికిత్సయు, మందులును మేలు చేయును. మందుల గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని అడుగక మానరాదు. దిగులు తగ్గిన పిదపను మరపు కొంతకాలము నిలువవచ్చును, అందుకు అధైర్యపడరాదు. పనిని చిన్న భాగములుగా విభజించి, ముఖ్య విషయములను కాగితముపై వ్రాసికొనవలెను. ఆస్తి, ఉద్యోగము, చదువు విషయములలో పెద్ద నిర్ణయములను కోలుకొనువరకు వాయిదా వేయుట మంచిది. నిత్యము నడచుట, వేళకు నిద్రించుట సహాయపడును.

ఇంటివారు నిందింపక, ఓపికతో నుండవలెను. రోగి చావు మాట పలికినచో దానిని తేలికగా తీసికొనరాదు, ఒంటరిగా విడువరాదు, పురుగుమందులను అందుబాటులో నుంచరాదు, వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా లభించును, తెలుగునందును మాటాడవచ్చును.

మడి నిండినను మూతపడని తూమునకు మడి బాధ్యత వహింపదు. తూమును బాగుచేయించుటయే మన కర్తవ్యము.