తల నిలిచే చోటు: మెడ వెనుక భాగపు నిర్మాణం

మెడ ముందు భాగానికి తెలుగులో గొంతు, కుత్తుక, కంఠం అంటూ పేర్లు చాలానే ఉన్నాయి. మాట పుట్టేదీ ముద్ద దిగేదీ నగ అమరేదీ అక్కడే కనుక అందులో వింత లేదు. వెనుక భాగానికి మిగిలిన మాటలు తక్కువ. తల వెనుక భాగాన్ని పెడతల అనీ, దాని కింద జుట్టు ఆగిపోయే చోట రెండు కండల ఉబ్బుల నడుమ ఉండే పల్లాన్ని ముచ్చిలిగుంట అనీ అంటారు. ఈ రెండో మాట నేటి తరంలో చాలామందికి తెలియదు. మనిషి తన శరీరంలో తిన్నగా చూసుకోలేని ఈ కాస్త చోటులోనే తలను నిలబెట్టే కండరాలు, మెదడు వెనుక భాగానికి రక్తం మోసుకుపోయే ధమనులు, ఊపిరిని నడిపే నాడుల మొదళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఇక్కడి నిర్మాణం కొంచెమైనా తెలిసినవారు మెడను ఎవరి చేతికి పడితే వారి చేతికి అప్పగించరు.

ఈ ప్రాంతపు హద్దులను చేత్తోనే గుర్తించవచ్చు. పెడతల నడుమ వేలు పెట్టి కిందికి జరిపితే ముందుగా ఒక గట్టి బొడిపె తగులుతుంది. అది కపాలపు వెనుక ఎముక మీది ఉబ్బు, అదే ఈ ప్రాంతానికి పై హద్దు. దాని కింద వేలు ముచ్చిలిగుంటలోకి దిగుతుంది. మెడలోని ఏడు పూసల్లో మొదటిదానికి వెనుక ముల్లు లేదు కనుక అది వేలికి అందదు. కొంచెం కిందికి పోయి గట్టిగా నొక్కితే రెండో పూస ముల్లు తెలుస్తుంది. దాని కింది పూసలు మెడ వంపులోకి ఒదిగిపోయి చాలావరకు అందకుండా ఉంటాయి. తల వంచినప్పుడు చొక్కా కాలరు దగ్గర పొడుచుకు వచ్చే బొడిపె సాధారణంగా ఏడో పూసది. వెన్నుపూసలను లెక్కించవలసిన వైద్యులు ఎక్కువగా అక్కడినుంచే లెక్క మొదలుపెడతారు. మనిషికే కాదు, ఎలుకకూ జిరాఫీకీ కూడా మెడలో ఏడు పూసలే. క్షీరదాల్లో ఈ లెక్క తప్పేవి స్లాత్‌లు, మనాటీల వంటి ఒకటి రెండు రకాలు మాత్రమే.

ఇక్కడి చర్మం మెడ ముందరి చర్మం కన్నా మందమైనది. శరీరం లోపలి సంగతులను బయటపెట్టే చోట్లలో ఇది ఒకటి కావడం వల్ల దీనిమీద శ్రద్ధ అవసరం. పిల్లల మెడ వెనుక నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా తగిలే చారలు ఏర్పడితే, అది స్నానం సరిగా చేయకపోవడం వల్ల పట్టిన మురికి అనుకుని తల్లులు పీచుతో రుద్ది రుద్ది ఆ చర్మాన్ని ఎర్రగా కందిపోయేలా చేస్తుంటారు. అది చాలాసార్లు మురికి కాదు. రక్తంలోని చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనప్పుడు, దాని మోతాదు రక్తంలో పెరిగి చర్మ కణాలను వేగంగా పెంచడం వల్ల ఆ నలుపు వస్తుంది. వైద్యులు దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఈ గుర్తు కనబడితే చేయవలసింది రుద్దడం కాదు, చక్కెర పరీక్ష. మధుమేహం అదుపులో లేని పెద్దవారిలో ఇదే చోట అనేక నోళ్లతో పెద్ద సెగ్గడ్డ లేచే అవకాశమూ ఉంది. ఇక్కడి మందమైన చర్మం, దాని కింది బిగువైన కణజాలం చీమును సులభంగా పైకి రానీయక పక్కలకు పాకనిస్తాయి. చర్మం కింద, పెడతల అంచున, లింఫు గ్రంథులు కొన్ని ఉంటాయి. తలలో పుండ్లు, పేల వల్ల గాని, రుబెల్లా జ్వరం వల్ల గాని అవి చిన్న చిన్న బిళ్లల్లా తగులుతాయి.

చర్మాన్ని, కొవ్వును దాటితే నట్టనడుమ ఒక బంధం కనిపిస్తుంది. కపాలపు బొడిపె నుంచి ఏడో పూస ముల్లు దాకా నిలువుగా తెరలాగా దిగే ఈ నూకల్ లిగమెంటు అనే సంధిబంధనం మనిషిలో పలచనిది. దీని అసలు బలం చూడాలంటే ఎద్దు మెడను చూడాలి. పశువుల్లో ఇది పసుపురంగు సాగే తంతువులతో మోకులా మందంగా ఉండి, గంటల తరబడి తల దించి మేస్తున్నా కండరాలు అలసిపోకుండా ఆ బరువును రబ్బరు పట్టీలాగా పట్టి ఉంచుతుంది. మనిషి రెండు కాళ్లమీద నిలబడి తలను వెన్ను మీద నిలువుగా పెట్టుకున్నాడు కనుక అంత మోకుతో పని లేకపోయింది.

అయితే ఆ తల పూర్తిగా సమతూకంలో లేదు. నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువుండే తల గరిమనాభి, తల పూసమీద ఆనే చోటికి కొంచెం ముందుగా పడుతుంది. అందువల్ల తల ఎప్పుడూ ముందుకు వాలాలనే చూస్తుంది, వెనుక కండరాలు దాన్ని ఎప్పుడూ పట్టి లాగుతూనే ఉండాలి. బస్సులో కూర్చుని కునుకు తీసేవారి గడ్డం రొమ్ము మీదికి వాలిపోవడం, ఉలిక్కిపడి మళ్లీ లేవడం ఈ పట్టు సడలి బిగుసుకోవడమే. పుట్టిన బిడ్డలో ఈ పట్టు ఇంకా ఏర్పడి ఉండదు. బిడ్డను ఎత్తుకునేవారితో ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇంకా మెడ నిలవలేదమ్మా, చెయ్యి పెట్టి పట్టుకో’ అంటారు. ఆ మాటలో ఎంతో శరీరశాస్త్రం ఉంది. మూడు నాలుగు నెలల వయసులో బిడ్డ బోర్లాపడి తల ఎత్తడం సాధన చేసే కొద్దీ ఈ కండరాలు బలపడతాయి, మెడ వెన్నుకు ముందుకు ఉబ్బిన వంపు స్థిరపడుతుంది. తెలుగువారు మెడ నిలవడం అనేది దీనినే.

తల వంచే కొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. న్యూయార్క్ శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం, తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద సుమారు 12 కిలోల భారం, ఫోను చూస్తూ 60 డిగ్రీలు వంచితే సుమారు 27 కిలోల భారం పడుతుంది. ఇది నమూనాతో కట్టిన అంచనాయే గాని మనుషుల మెడల్లో కొలిచి చూసినది కాదు. అయినా భారం ఏ వైపు పెరుగుతుందో అది సరిగానే చూపుతుంది. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద నిండు బిందె పెట్టుకుని నడిచే స్త్రీ తల కదపకుండా చూపును ముందుకే నిలపడంలో కూడా ఈ సూత్రమే ఉంది: బరువు వెన్ను గీతను తప్పిన మరుక్షణం ఆ తేడాను భరించవలసినవి వెనుక కండరాలు. అలాగని ఆ బరువు మెడకు హాని చేయదని కాదు, పూసల నడుమ డిస్కులు దాన్ని తప్పక మోస్తాయి.

కండరాలు ఇక్కడ పొరలు పొరలుగా ఉంటాయి. అన్నిటికన్నా పైనున్నది ట్రపీజియస్. కపాలం నుంచి ఛాతీ చివరి పూస దాకా నడుమ గీత వెంట పుట్టి భుజాల వైపు విచ్చుకునే ఈ కండరాలు కుడి ఎడమలు కలిసి నాలుగు పలకల ఆకారం దాల్చుతాయి, కావడి మోసేవారి భుజం మీద బద్ద ఆనేది వీటి పై అంచునే. దాని కింద, మెడ పూసల పక్కల నుంచి రెక్క ఎముక పై మూలకు దిగే కండరం ఒకటి ఉంది. ఉదయం లేవగానే ‘మెడ పట్టేసింది’ అంటూ మనుషులు చెయ్యి వేసుకునే చోటు తరచుగా దాని కింది కొస. ఇంకా లోపల, తలను కట్టుకట్టినట్టు ఏటవాలుగా చుట్టే స్ప్లీనియస్, దాని కింద తల బరువును ప్రధానంగా లాగే సెమీస్పైనాలిస్ ఉన్నాయి; ముచ్చిలిగుంటకు ఇరువైపులా గట్టులా లేచే రెండు ఉబ్బులు ఈ సెమీస్పైనాలిస్‌వే.

ట్రపీజియస్‌కు ఆజ్ఞలు మోసే నాడి విషయం ఒకటి చెప్పుకోవలసి ఉంది. పదకొండవ కపాలనాడి అయిన ఆక్సెసరీ నాడి మెడ పక్కన చర్మానికి చాలా దగ్గరగా, లింఫు గ్రంథుల నడుమగా పోతుంది. అక్కడ చిన్న గడ్డను పరీక్షకు తీసేటప్పుడు అది తెగితే భుజం జారిపోయి, చెయ్యి తలపైకి ఎత్తడం కష్టమవుతుంది. చిన్న కోతే కదా అని అనుభవం లేనివారి చేత ఆ గడ్డ తీయించుకోవడం మంచిది కాదు.

అన్నిటికన్నా లోపల, కపాలానికీ మొదటి రెండు పూసలకూ నడుమ, ఒక్కో వైపు నాలుగేసి పొట్టి కండరాలు ఉన్నాయి. ఇవి బలానికి కాదు, కొలతకు. కండరం ఎంత సాగిందో మెదడుకు తెలిపే కదురు ఆకారపు సూక్ష్మ గ్రాహకాలు శరీరంలోని పెద్ద కండరాలతో పోలిస్తే వీటిలో ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి. కళ్లు మూసుకున్నా తల ఏ వైపు తిరిగి ఉందో తెలియడంలో వీటి పాత్ర పెద్దది. రెండు బొటనవేళ్లను పెడతల కింద, ముచ్చిలిగుంటకు ఇరువైపులా మెత్తగా ఆనించి, తల కదపకుండా మూసిన కనురెప్పల కింద చూపును మాత్రం కుడికీ ఎడమకూ తిప్పితే, చాలామందికి వేళ్ల కింద సన్నని కదలిక అందుతుంది. వీటిలో ఒక కండరం మెదడు, వెన్నుపాములను కప్పే పొరకు సన్నని బంధంతో అతుక్కుని ఉందని 1995లో అమెరికా పరిశోధకులు వివరించారు. తలా మెడా కలిసే ఈ చోటునే సుశ్రుత సంహిత కృకాటికలనే రెండు మర్మాలుగా గుర్తించి, అక్కడ దెబ్బ తగిలితే తల నిలకడ తప్పి ఊగుతుందని చెప్పింది.

ఆ నాలుగు కండరాల్లో మూడింటి నడుమ ఏర్పడే చిన్న త్రికోణపు అడుగున వెన్నుపూస ధమని పోతుంది. ఒక్కో వైపు ఒక్కొక్కటిగా, సాధారణంగా ఆరో పూస దగ్గర పూస పక్కనున్న రంధ్రంలో దూరి, ఒక్కో పూస రంధ్రాన్నీ దాటుతూ నిలువుగా పైకెక్కే ఈ ధమని, మొదటి పూసను చేరాక ఒక్కసారిగా వెనక్కి వంగి, దాని వెనుక కమాను మీది గాడిలో పడుకుని కపాలంలోకి ప్రవేశిస్తుంది. అక్కడ రెండూ ఏకమై మెదడు కాండానికి, చిన్నమెదడుకు, చూపును గ్రహించే వెనుక భాగానికి రక్తం అందిస్తాయి. తల తిరిగినప్పుడల్లా సాగి మెలిపడేది ఆ వంపే. క్షవరం అయ్యాక తలను రెండు చేతులతో పట్టి ఒక్క కుదుపుతో మెడ మెటికలు విరిచే అలవాటు తెలుగు ఊళ్లలో ఈనాటికీ ఉంది. ఆ కుదుపులో ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఇది అరుదే, కానీ వచ్చినప్పుడు ముప్పైలలో, నలభైలలో ఉన్న ఆరోగ్యవంతులను కూడా పడగొడుతుంది. జుట్టు కడిగేందుకు బేసిన్ అంచు మీద మెడను బాగా వెనక్కి వాల్చి ఉంచినందువల్ల ఇలాంటి పక్షవాతం రావడాన్ని 1993లో అమెరికాలో వైద్య పత్రికకెక్కించారు. మెటికలు విరిచే పనిలో హాయి ఎంతో గాని, దానికి బదులు పెట్టే పణం అంతకన్నా చాలా పెద్దది.

ఎముకల్లో మొదటి రెండూ తక్కినవాటి పోలిక కావు. మొదటిది ఉంగరం వంటిది. ఆకాశాన్ని మోసే గ్రీకు పురాణ పురుషుడి పేరుతో అట్లాస్ అన్నారు, తెలుగు పాఠ్యపుస్తకాలు శీర్షధరం అన్నాయి. రెండోదైన అక్షకశేరుకం నుంచి పన్నులాంటి కొమ్ము ఒకటి పైకి లేచి ఆ ఉంగరంలో నిలుస్తుంది. బడి పుస్తకాల్లోని బొంగరపు కీలు ఇదే. ఔనని తల పైకీ కిందికీ ఊపడం ప్రధానంగా కపాలానికీ శీర్షధరానికీ నడుమ జరుగుతుంది. కాదని అడ్డంగా తిప్పడంలో దాదాపు సగం ఈ బొంగరపు కీలుది. సరేనంటూ తలను పక్కలకు వాల్చే తీరుకు ఎక్కువగా కింది పూసలు తోడ్పడతాయి. పై రెండు కీళ్లలో డిస్కులు లేవు. కింది ఆరింటిలో తరచుగా అరిగేవి ఐదు–ఆరు, ఆరు–ఏడు పూసల నడుమవి. నొప్పి చేతిలోకి పాకి వేళ్లు తిమ్మిరెక్కడం అక్కడి నాడులు నలిగినప్పుడే.

పూసలు ఏడైనా నాడుల జతలు ఎనిమిది, ఎందుకంటే మొదటి జత శీర్షధరానికి పైన బయలుదేరుతుంది. రెండో నాడి వెనుక కొమ్మ లావైనది. అది కండరాలను చీల్చుకుని పెడతల మీదుగా నడినెత్తి దాకా పోతుంది కనుక, మెడ వెనుక మొదలై నెత్తికెక్కే తలనొప్పి కొన్నిసార్లు దీనిదే. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి గడ్డాన్ని రొమ్ముకు ఆనించలేని స్థితి వస్తే అది కండరాల పట్టు అనుకోరాదు. మెదడు పొరల వాపు కావచ్చు, గంటల్లో ఆసుపత్రి చేరాలి.

ఈ పూసల కమానుల లోపల వెన్నుపాము ఉంది. మెడలోని మూడు, నాలుగు, ఐదు నాడుల నుంచి పుట్టే కొమ్మ ఉదరవితానాన్ని, అంటే ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరాన్ని నడుపుతుంది. దానికి పైన వెన్నుపాము తెగితే శ్వాస అక్కడే ఆగుతుంది. రోడ్డు ప్రమాదంలో పడినవారి మెడ పూస విరిగి ఉండీ వెన్నుపాము ఇంకా చెక్కుచెదరకుండా ఉండవచ్చు. అటువంటివారిని సాయం చేసే తొందరలో తల కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించడం, కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో ఎక్కించడం వల్ల విరిగిన పూస జరిగి వెన్నుపామును నలిపేయవచ్చు. మంటలో, వాహనాల రాకపోకల మధ్య ఉంటే తప్ప వారిని కదిలించకూడదు. 108కి ఫోను చేసి, ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో తలనూ మెడనూ ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకుని, అంబులెన్సు సిబ్బంది కాలరు తొడిగేదాకా వదలకూడదు.