అమరుని వలపు, ఉద్యోగిని గడియారం

విశాఖపట్నం గడియారాన్ని నమ్ముకొని బ్రతికే ఊరు. 1933లో రేవు తెరచిన నాటినుండి ఓడ వచ్చుటకొక వేళ, పోవుటకొక వేళ. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ కట్టుబాటును మరింత బిగించినది. అక్కడి బ్లాస్టు ఫర్నేసు రాత్రి అయినదని ఆగదు. మనుషులే షిఫ్టులవారీగా మారుతూ ఉంటారు. ఇట్టి ఊళ్లో ఉద్యోగం చేసుకొనే యువతిని మరణంలేని పురుషుడొకడు ప్రేమించినాడనుకొందాం. ఇటువంటి నవలలు ఇంగ్లీషులో నేడు కొల్లలు. విద్యార్థినులు తెలుగు వాచకం చాటున పెట్టుకొని చదివినా ఉపాధ్యాయులు కోపించనక్కరలేదు. మన భారతంలో ఉన్నదీ ఇంచుమించు ఆ కథే.

ఆరణ్యపర్వం తెరవండి. దమయంతిని కోరి ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు దిగివచ్చినారు. రాయబారానికి ఎవరిని పంపినారు? ఆమె వలచిన నలుణ్ణే! ఆమె లొంగలేదు. స్వయంవరంలో నలుగురూ నలుని రూపం దాల్చి కూర్చున్నారు. దమయంతి ఆ దేవతలనే శరణు వేడినది. అప్పుడు గుర్తులు బయటపడినవి. వారి రెప్ప వాలదు, మేన చెమట పట్టదు, మెడలో పూలు వాడవు, పాదం నేలకు ఆనదు. అయిదవవానికి మాత్రం నీడ ఉన్నది, ఒంటిమీద దుమ్ము ఉన్నది, చెమట ఉన్నది. దండ అతని మెడలో పడినది.

బడిలో ఈ ఘట్టాన్ని పాతివ్రత్యమని చెప్పి ముందుకు సాగుతాం. నాకది చాలదు. అప్పటికామెకు పెండ్లే కాలేదు కదా! గ్రీకుల కథలో మార్పెస్సా అనే కన్య కూడ అపోలో దేవుణ్ణి కాదని ఇడాస్ అనే మానవుణ్ణి వరించినది. తాను ముసలిదైననాడు దేవుడు విడిచిపోవునేమోనని ఆమె భయం. చావులేనివానితో చిక్కు అంతకంటె లోతైనదని నా తలంపు. అమరుడు సముద్రపుటొడ్డున సాయంకాలమంతా ఆమెకొరకు నిలుచున్నాడనుకొనుడు; అందులో అతడు పోగొట్టుకొన్నదేమున్నది? వానికి సాయంకాలాలకు కొదవలేదు. రాత్రి షిఫ్టు దిగి, కండ్లు మండుతూ, నిద్రపోవలసిన గంటను ఆమెకిచ్చినవాడు తన ఆయుష్షులో ఒక ముక్కనే కోసి ఇచ్చినాడు.

1897 నాటి ‘డ్రాకులా’ నవలలో మీనా పెండ్లికి ముందు బడిలో ఉపాధ్యాయిని. షార్టుహాండు, టైపు నేర్చినది. చావులేని ప్రభువు ఆమెను తనవంటిదానిగా మార్చబూనినాడు. వాని జాడ తీయుటకు తోడ్పడినవేవి? ఆమె తేదీలవారీగా టైపుచేసి పేర్చిన కాగితాలు! ఉద్యోగిని విద్య అమరునిమీదికి ఇట్లు ఎక్కుపెట్టబడినది.

విశాఖలో ఈ కథ వ్రాయబూనేవారికి మరొక ఇబ్బంది కలదు. ఇక్కడి వేసవి సామాన్యమైనది కాదు. గాలినిండా ఉప్పు, తేమ. గాజువాక వెళ్లే బస్సులో, నడి మేనెలలో, చెమట పట్టనివాడు ఆమె ప్రక్కన కూర్చున్నచో రెండవ స్టాపు రాకముందే దొరికిపోవును.