ఒక్క అత్త, మూడు చుట్టరికాలు

నాన్న అక్కచెల్లెళ్లు మనకు అత్తలు. మేనమామ భార్యా అత్తే. పెళ్లయ్యాక భర్త తల్లి అయినా, భార్య తల్లి అయినా అత్తే. హిందీలో ఈ ముగ్గురూ బువా, మామీ, సాస్. సంస్కృతంలోనూ పితృష్వస, మాతులాని, శ్వశ్రువు అని వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో ముగ్గురికీ ఒకే పిలుపు రావడానికి కారణం మేనరికం.

ఒక అన్నాచెల్లెళ్లను తీసుకోండి. అన్న కూతురికి ఆ చెల్లెలు మేనత్త. ఆ పిల్ల మేనత్త కొడుకును చేసుకుంటే అత్త అత్తగానే ఉంటుంది, పిలుపు మార్చాల్సిన పని లేదు. మేనమామ కొడుకును చేసుకున్నా అంతే. అతని తల్లిని చిన్నప్పటి నుంచీ అత్తా అనే పిలుస్తోంది. మామ అన్న మాటకూ ఇదే లెక్క. పుట్టుకతో వచ్చిన అత్తను విడిగా చెప్పాల్సి వస్తే ముందు 'మేన' చేరుస్తాం.

ఇక అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. వాళ్ల పిలుపులోనే అమ్మా నాన్నా ఉన్నారు కనుక వాళ్ల పిల్లలు మనకు అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. అక్కడ పెళ్లి మాట రాదు. అత్తామామల పిల్లలు మాత్రం బావలు, వదినలు, మరదళ్లు. ఎవరితో వియ్యం కుదురుతుందో, ఎవరు తోబుట్టువుతో సమానమో వరసే చెప్పేస్తుంది.

అత్త ద్రావిడ పదం. తమిళంలో అత్తై, కన్నడంలో అత్తె. ఈ వరసల పద్ధతీ ఆ భాషల ఉమ్మడి ఆస్తే. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో పేర్కొంది. అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో వెలువరించిన బంధుత్వ గ్రంథంలో తమిళ, తెలుగు వరసలకు చోటిచ్చాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపునిచ్చింది.

మేనరికాలు తగ్గడం మంచిదే. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగితే పుట్టే పిల్లలకు కొన్ని జన్యువ్యాధుల ముప్పు పెరుగుతుంది. అయితే ఆచారంతో పాటు పిలుపునూ వదులుకోనక్కర్లేదు. మేనత్తనూ పిన్నినీ పక్కింటావిడనూ కలిపి ఆంటీ అనేస్తే, ఎవరు అమ్మ వైపో ఎవరు నాన్న వైపో పిల్లలకు తెలియకుండా పోతుంది. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని వరసలు కలిపి చెప్పండి. అత్తను అత్తా అనే పిలవనివ్వండి.