చుక్క ఒకటే, రక్షణ వేరు

పసివాళ్లందరికీ ఒకే టీకా వేసినా అందరిలో ఒకేలా పనిచేయదు

భిలాయ్ ఉక్కు నగరం దాటి దక్షిణంగా వెళితే ఉతై. కర్మాగారంలో కొలువు కోసం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగువారి బిడ్డకైనా, గోండుల బిడ్డకైనా ఆరు, పది, పద్నాలుగు వారాలకు అవే చుక్కలు, అవే సూదులు. టీకా కార్డులో ఇద్దరికీ పడేది ఒకే టిక్కు. టిక్కు పడితే రక్షణ వచ్చినట్టేనా?

కాదని ఎక్కడో ఉన్న అలాస్కా అనుభవం చెబుతోంది. మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బ్యాక్టీరియాపై తొలినాళ్ల టీకా ఒకటి ఫిన్లాండ్ శిశువుల్లో 94 శాతం పనిచేసింది. అలాస్కా ఆదివాసీ శిశువుల్లో అదే టీకా 35 శాతం దగ్గరే ఆగిపోయింది. రెండు ఫలితాలూ వెలువడింది 1990లోనే. అలాస్కా పిల్లలకు జబ్బు మరీ పసితనంలోనే సోకుతుంది. టీకా బలం పుంజుకునేది ఆ తర్వాతే. భారత సంతతి వైద్యుడు మథురం సంతోషం బృందం, తొలి డోసుకే యాంటీబాడీలు పుట్టించే మరో రకాన్ని అమెరికాలోని నవాహో ఆదివాసీ శిశువులపై పరీక్షించింది. 1991లో వెలువడిన ఆ ఫలితాల్లో 90 శాతానికి పైగా రక్షణ కనిపించింది. 1996లో అలాస్కా ఆ రకాన్ని మార్చగానే జబ్బు తిరగబెట్టింది. మళ్లీ దానికే రావలసి వచ్చింది.

నోటి చుక్కల విషయంలో దేశదేశానికీ తేడా ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్‌ను ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది శిశువులపై పరీక్షించారు. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను అది తొలి ఏడాదిలో అడ్డుకున్నది 56 శాతమే. అది ఒక్క ఆ టీకా లోపం కాదు. ఐరోపాలో 90 శాతం పనిచేసిన రోటారిక్స్ మలావీలో 49 శాతమే పనిచేసింది.

తప్పంతా రక్తానిదే అనుకుంటే పొరపాటు. వారసత్వానికి కొంత వాటా ఉన్నా, కారణాలు ఇంకా ఉన్నాయి. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు చుక్కల్లోని వైరస్‌ను మొదట్లోనే అణచివేయవచ్చు. అపరిశుభ్ర పరిసరాల్లో పసివాళ్ల పేగులు తరచూ దెబ్బతింటాయి. చుక్కలు వేసే వేళ తల్లిపాలు ఆపి చూసిన పరిశోధనల్లో మాత్రం ప్రయోజనం కనబడలేదు. కనుక ఎవరూ పాలు మాన్పించనక్కర్లేదు.

సగం రక్షణ చిన్నదేమీ కాదు. జబ్బు ఎక్కువున్న చోట సగం రక్షణే ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది. అందుకే 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలైన రోటావైరస్ చుక్కలు 2019 నాటికి దేశమంతటికీ విస్తరించాయి. అయితే జనాభాలో 30 శాతానికి పైగా ఆదివాసీలున్న ఛత్తీస్‌గఢ్‌లో ఎందరికి వేశామన్న లెక్క ఒక్కటే చాలదు. అలాస్కాలో తేడా బయటపడింది ఆదివాసీ శిశువుల్లో టీకా ఫలితాన్ని విడిగా చూసినందుకే. ఉతైలోనూ ఏ బిడ్డలో ఎంత రక్షణ నిలిచిందో చూస్తేనే కార్డులోని టిక్కుకు విలువ.