గనులు ఒకచోట, కర్మాగారాలు మరోచోట
తూర్పు రాష్ట్రాలకు అక్కరకు రాని ఖనిజ సంపద

న్యూఢిల్లీ: ఇనుప ఖనిజం, బొగ్గు దగ్గర దగ్గరగా లభించే ప్రాంతంలో పరిశ్రమలు వెలియడం సహజం. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ ఛోటానాగ్‌పూర్ పీఠభూమిని ఎంచుకోవడానికి కారణం ఇదే. స్వాతంత్ర్యానంతరం రూర్కెలా, దుర్గాపూర్, బొకారో ఉక్కు కర్మాగారాలూ ఆ ఖనిజ ప్రాంతంలోనే వెలిశాయి. అయితే, ఆ ఉక్కుతో యంత్రాలు, వాహనాలు, పరికరాలు తయారుచేసే పరిశ్రమల్లో అధిక భాగం పశ్చిమ, దక్షిణ, వాయవ్య రాష్ట్రాల్లో స్థిరపడ్డాయి. ఈ వైపరీత్యం వెనుక ప్రధానంగా వినవచ్చే ఆరోపణ రవాణా చార్జీల సమీకరణ విధానంపైనే.

1950లలో కేంద్రం ప్రవేశపెట్టిన ఈ విధానం ప్రకారం దేశంలో ఏ రైల్వే కేంద్రంలో కొనుగోలు చేసినా ఉక్కు ధర ఒక్కటే. దూర ప్రాంతాలకయ్యే రైలు కిరాయిని కొనుగోలుదారులందరిపైనా సమానంగా సర్దేవారు. ఫలితంగా జంషెడ్‌పూర్ పక్కనున్న చిన్న ఇంజనీరింగ్ యూనిట్, ఎక్కడో పంజాబ్‌లోని లూథియానా యూనిట్ ఒకే ధర చెల్లించేవి. సిమెంటుకు సైతం ఇదే సూత్రాన్ని వర్తింపజేశారు.

పరిశ్రమలు ఒకేచోట పోగుపడకుండా దేశమంతటా విస్తరించాలన్నది ప్రభుత్వ సదుద్దేశం. కానీ, గని చెంతనే ఉండటంవల్ల తూర్పు ప్రాంతానికి ఒనగూడే లాభం దీంతో తుడిచిపెట్టుకుపోయింది. పెద్ద మార్కెట్లకు, రేవులకు చేరువగా ఉండటంవల్ల ఇతర ప్రాంతాలకు దక్కే లాభం మాత్రం చెక్కుచెదరలేదు. పశ్చిమ రాష్ట్రాల్లో పండే పత్తికి ఈ సూత్రాన్ని ఎందుకు వర్తింపజేయలేదని బెంగాల్ నేతలు పలుమార్లు నిలదీశారు.

వెనుకబాటుకు ఈ విధానం ఒక్కటే కారణం కాదు. లైసెన్సుల జాప్యం, విద్యుత్ కొరత, కార్మిక వివాదాలు, రహదారులపైన, విద్యపైన తగినంత వ్యయం చేయకపోవడం కూడా తూర్పు రాష్ట్రాలను కుంగదీశాయి.

మారిన పోటీ

పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో, 1990ల ఆరంభంలో ఉక్కుపై చార్జీల సమీకరణ రద్దయింది. అదే సమయంలో ఆర్థిక సరళీకరణ మొదలై, దిగుమతి సుంకాలు క్రమేణా తగ్గాయి. ధన్‌బాద్ బొగ్గు లూథియానాకు ఎంత ధరకు చేరుతుందన్నది కాక, తయారైన సరుకు విదేశీ సరుకుకు దీటుగా నిలుస్తుందా అన్నది ముఖ్యమైంది. గని ఒక్కటే చాలదు. రేవు, నిరంతర విద్యుత్తు, నిపుణులైన కార్మికులు కూడా కావాలి.

1992లో నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం ఈ మార్పుకు మరో పార్శ్వం. దానికి సముద్రతీరం ఉంది. సొంత ఇనుప గనులు లేవు. ఖనిజాన్ని బైలదిల్లా నుంచి, కోకింగ్ బొగ్గును ప్రధానంగా విదేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. తీరం తోడున్నా ముడిసరుకు భారం ఆ సంస్థను వెంటాడింది. గని, రేవు రెండూ అందుబాటులో ఉన్న ఒడిశా మెరుగైన స్థితిలో నిలిచింది. పారాదీప్ రేవుకు చేరువలో, కళింగనగర్‌లో టాటా సంస్థ ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన కర్మాగారం 2015లో ప్రారంభమైంది.

లూథియానా ప్రాంతం నుంచి బీహార్‌లోని సోన్‌నగర్ వరకు సరుకు రవాణాకే ప్రత్యేకించిన 1,337 కిలోమీటర్ల తూర్పు రైలు మార్గం 2023లో పూర్తయింది. మొదట తలపెట్టినట్లు అది కోల్‌కతా సమీపంలోని దన్‌కునీ వరకు చేరలేదు. ఖనిజ హక్కులపై పన్ను విధించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడం తూర్పు రాష్ట్రాలకు కొంత ఊరట. అయితే, పన్ను మితిమీరితే ఉక్కు ధర పెరిగి, పోటీలో నష్టపోయేదీ ఆ రాష్ట్రాలే.

ఈ రాబడిని నిత్య వ్యయాలకు వెచ్చిస్తారా, లేక విద్యుత్తు, రహదారులు, సాంకేతిక శిక్షణపై పెట్టుబడిగా పెడతారా అన్నదే కీలకం. బొగ్గు, ఇనుము తరలిపోయిన దారినే జార్ఖండ్, బీహార్ యువకులు ఉపాధికోసం సూరత్‌కు, లూథియానాకు, తిరుప్పూరుకు వలసపోతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో కాలినడకన ఇళ్లకు మరలిన వలస కార్మికులలో వీరూ ఉన్నారు. దూరాన్ని ధరల పట్టికలో చెరిపివేసినంత మాత్రాన ప్రాంతీయ అసమానతలు తొలగవని నాలుగు దశాబ్దాల అనుభవం రుజువు చేసింది. ప్రాంతాలకు సొంత బలాన్ని సమకూర్చడమే ఇక మిగిలిన మార్గం.