మనుషులు కనిపించని నగరం

ఇంటర్వ్యూలు, సాక్ష్యాలు, వరుస తప్పని కథనం వంటి అలవాటైన సాధనాలను పక్కన పెట్టి, దృశ్యానికీ శబ్దానికీ మధ్య కొత్త సంబంధాన్ని వెతికే వాస్తవ చిత్రాన్ని ప్రయోగాత్మక డాక్యుమెంటరీ అంటారు. అమెరికా దర్శకురాలు జెన్నీ ఓల్సన్ తీసిన ‘ది రాయల్ రోడ్’ ఈ కోవకు చెందినది. 2015లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైన ఈ చిత్రంలో, ప్రేమకథ చెబుతున్నా ప్రేమికుల ముఖాలు కనిపించవు. 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, కదలని కెమెరాతో చిత్రించిన కాలిఫోర్నియా వీధులు, గోడలు, వాటి మీద వాలే వెలుగు మాత్రమే తెర మీద నిలుస్తాయి. వాటి వెనుక దర్శకురాలి గొంతు, తనకు అందని స్త్రీల మీద పెంచుకున్న మమకారాన్ని తొణకకుండా చెబుతూ పోతుంది.

స్త్రీపురుష ప్రేమనే ప్రమాణంగా భావించే చట్రంలో ఇమడని లైంగికత, జెండర్ గల వారందరినీ కలిపి క్వీర్ అని వ్యవహరిస్తారు. వారిలో పురుష లక్షణాలుగా పేరుపడిన వేషధారణనూ నడవడినీ తమవిగా చేసుకున్న లెస్బియన్‌లను బుచ్ అంటారు. ఈ గొంతు అలాంటి స్త్రీది. కోరుకున్న మనిషి ఎదుట లేకపోవడమే తపనకు మూలం గనుక, ఆ మనిషిని తెర మీద చూపించి ఉంటే చిత్రం తన విషయాన్నే పోగొట్టుకునేది. ఖాళీ వీధిని చూస్తూ మాట వింటున్న ప్రేక్షకుడు, ఆ ఖాళీని తన జ్ఞాపకాలతో నింపుకోక తప్పదు.

అదే నేల మీద మరుగునపడిన చరిత్రను కూడా ఆ గొంతు చెబుతుంది. చిత్రానికి పేరునిచ్చిన ‘ఎల్ కామినో రియల్’, అంటే రాజమార్గం, స్పెయిన్ పాలనలో మొదలై మొత్తం 21కి చేరిన క్రైస్తవ మిషన్లను, అంటే మతప్రచార కేంద్రాలను, కలిపే దారి. 1769లో శాన్ డియెగోలో తొలి మిషన్‌ను స్థాపించిన మతబోధకుడు జునిపెరో సెర్రానూ, మిషన్ల వల్ల మూలవాసులు పడిన బాధలనూ, మెక్సికోతో యుద్ధం తరువాత 1848లో కాలిఫోర్నియా అమెరికా వశం కావడాన్నీ తలచుకోకుండా ఆ దారిని చూడలేము. దర్శకుడు హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వర్టిగో’లో ఒక స్త్రీ మీది వ్యామోహం వెంటాడే కథ నడిచిన శాన్ హువాన్ బౌటిస్టా కూడా ఈ మిషన్లలో ఒకటే. ప్రేమలో వెంటపడటాన్నీ, నేలను ఆక్రమించడాన్నీ పక్కపక్కన నిలపడం సాహసమే గాని, ఆ జోడింపు అన్నిచోట్లా అతకదు. కొన్నిచోట్ల చరిత్ర పాఠం బరువై, ప్రేమ నివేదన దాని కింద నలిగిపోతుంది.

ఈ శైలి ఓల్సన్‌కు కొత్త కాదు. 2005 నాటి ‘ది జాయ్ ఆఫ్ లైఫ్’లోనూ ఇలాంటి నిశ్చల దృశ్యాలే ఉన్నాయి, అయితే దాని ఉత్తరార్ధం శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన మీద జరిగిన ఆత్మహత్యల చరిత్రను చెప్పి, అక్కడ రక్షణ ఏర్పాటు కావాలన్న చర్చకు కొత్త ఊపు తెచ్చింది. ఆ వంతెనకు రక్షణ వల పూర్తిగా అమరింది 2024లో.